ఎన్‌హెచ్‌ఎల్ 3.5 సున్నం సంచి: ఆనుకుని ఉన్న పాత రాతి ఇళ్లకు పనికొస్తుందా?

సరుకు మంచిదే. 5కి 4 ఇవ్వొచ్చు. తగ్గిన ఆ ఒక్క మార్కు పొడి తప్పు కాదు. వరసలో ఒక్క ఇంటివాళ్లే కొని తమ గోడకు మాత్రమే పూసుకుంటే ఇది సగం పనే చేస్తుంది, ఆ మాట సంచి మీద ఎక్కడా ఉండదు.

ఇది నీటితో గట్టిపడే సహజ సున్నం (నేచురల్ హైడ్రాలిక్ లైమ్, పొట్టిగా ఎన్‌హెచ్‌ఎల్). 3.5 అంటే 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు కనీసం 3.5 న్యూటన్ల ఒత్తిడిని నలగకుండా తట్టుకునే బలం. సిమెంట్ మాల్ కన్నా మెత్తన, లోపలి చెమ్మను బయటికి వదులుతుంది. సున్నానికి ఐరోపా ప్రమాణమైన ఈఎన్ 459-1లో ఎన్‌హెచ్‌ఎల్ వేరు, హెచ్‌ఎల్ (హైడ్రాలిక్ లైమ్) వేరు. హెచ్‌ఎల్‌లో సిమెంట్ కలిసి ఉండొచ్చు. మామూలు పొడి సున్నమూ చూడటానికి ఇలాగే ఉంటుంది. అందుకే ఉమ్మడిగా కొనేటప్పుడు ప్రతి సంచి మీదా పూర్తి పేరూ తయారీ తేదీ చదివాకే దించుకోవాలి. గోడ పచ్చిమట్టిదైతే దీన్ని కొనొద్దు, మట్టిపూతే నయం.

25 కిలోల సంచిలో పొడి సుమారు 35 నుంచి 40 లీటర్లు వస్తుంది. ఒక వంతు సున్నానికి రెండున్నర వంతుల గరుకు ఇసుక. 10 మి.మీ. మందాన చదునైన గోడ మీద 9 చదరపు మీటర్ల దాకా సాగుతుంది. ఎగుడుదిగుడు రాతిగోడ మీద 6 వచ్చినా సంతోషించాలి. కొలత పారతో కాదు, బకెట్‌తోనే, అదీ అన్ని ఇళ్లకూ ఒకే బకెట్, ఒకే మనిషి. ఎవరి మాల్ వాళ్లు కలుపుకుంటే ఒక ఇంట్లో పూత రాలుతుంది, పక్కింట్లో నెర్రెలిస్తుంది, తర్వాత తప్పు సున్నానిదంటారు.

కానీ పూత కంటే ముందు గోడ సంగతి చూడాలి. గుండ్రాళ్లతో కట్టిన మందపాటి గోడలో లోపలి రాళ్ల వరసకూ బయటి రాళ్ల వరసకూ పట్టు లేకపోతే గోడ ఉబ్బుతుంది, దాన్ని ఏ సున్నమూ ఆపలేదు. అడ్డంగా, నిలువుగా సుమారు మీటరుకొకటి చొప్పున, కింది బంధాలకు పై బంధాలను అర మీటరు పక్కకు జరుపుతూ, రెండు రాళ్ల వరసలనూ కట్టే బంధాలు వేయాలి. చోటు గుర్తించి, రాయి చుట్టూ మాల్ గీకి, చిన్న గునపంతో అటూ ఇటూ మెల్లగా కదిపి రాయి బయటికి తీయాలి. సుత్తితో బాదితే పక్క రాళ్లూ వదులవుతాయి. లోపల 75 మి.మీ. రంధ్రం చాలు. ఆవలి రాయి ఎక్కడుందో లోపల్నుంచి తట్టి పోల్చుకోవాలి. ఆవలి ముఖం చాలాసార్లు పక్కింటి గదిలో ఉంటుంది. అక్కడ ఒక మనిషి చెవి ఆన్చి నిలబడకపోతే పని సాగదు. తర్వాత 1:2:4 (సిమెంట్, ఇసుక, కంకర) కాంక్రీటు సగం నింపి, కొసలు వంచిన 8 మి.మీ. కడ్డీ పెట్టి, మిగతాది పూడ్చి, రెండు వైపులా 10 రోజులు తడపాలి. సున్నం పని అన్నాక మళ్లీ సిమెంటా అనేవాళ్లుంటారు. గోడ నిలబడాలంటే ఇక్కడ ఆ పట్టింపు వదులుకోవాలి.

చెమ్మదీ అదే కథ. ఉమ్మడి గోడకు ఒకరు సున్నం, అవతలివాళ్లు సిమెంట్ పూస్తే నీరంతా సున్నం వైపు నుంచే బయటికొస్తుంది, ఉప్పు పేరుకుని ఆ పూతే పెచ్చులు ఊడుతుంది. వీధి మట్టం ఇంటి నేల కంటే పైకి లేచి ఉంటే ముందు దాన్ని దించాలి, చూరు నీళ్లు పక్కింటి పునాదిలోకి పోకుండా వరసంతటికీ ఒకే కాలువ తీయాలి.

పూత పనిలో చెడేది ఎక్కువగా నీళ్ల దగ్గరే. పొడిగోడ మాల్‌లోని నీటిని లాగేస్తుంది కాబట్టి ముందు తడపాలి, అయితే నీళ్లు కారుతూ ఉండకూడదు. ఒక్కో పొర 10 మి.మీ. మించితే నెర్రెలు. వారంపాటు తడి గోనెపట్టాలు కట్టి ఉంచాలి. ఎండా గాలీ తగిలే గోడకు ఇది మరీ ముఖ్యం, వంతులు వేసుకుంటే ఎవరికీ భారం కాదు. 5 డిగ్రీల కన్నా చలిగా ఉంటే పని ఆపేయాలి. గట్టిపడిన మాల్‌లో నీళ్లు పోసి మళ్లీ కలపొద్దు. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి, ఇది కళ్లను కాలుస్తుంది.

మొత్తం సరుకు ఒకేసారి దించుకోవడం వద్దు, తేమ తగిలిన సంచి గడ్డకడుతుంది. ఎండ ఎక్కువ తగిలే గోడ మీద ముందు ఒక చదరపు మీటరు పూసి, రెండు వారాలు చూశాకే మిగతా సంచులు తెప్పించండి.