గాజు గ్లాసా, క్రిస్టల్ గ్లాసా?

నిజానికి రెండూ గాజే. మామూలు గ్లాసును ఇసుక, సోడా, సున్నపురాయి కరిగించి చేస్తారు. చవక, రోజూ తోమినా తట్టుకుంటుంది.

అసలు క్రిస్టల్‌లో సీసం కలుస్తుంది. 1670ల్లో ఇంగ్లండ్‌లో జార్జ్ రావెన్స్‌క్రాఫ్ట్ దీన్ని వాడుకలోకి తెచ్చాడు. యూరప్ నిబంధనల ప్రకారం లెడ్ క్రిస్టల్ అనాలంటే లెడ్ ఆక్సైడ్ కనీసం 24 శాతం ఉండాలి. ఆ బరువు, ఆ తళుకు సీసం వల్లే. గాజు మెత్తబడుతుంది కాబట్టి సానచక్రం మీద లోతైన చెక్కుడు పడుతుంది, వెలుతురులో ఆ అంచుల దగ్గర రంగులు విడిపోతాయి. అంచును వేలితో మీటండి: క్రిస్టల్ ఖంగుమని చాలాసేపు మోగుతుంది, మామూలుది టక్కుమని ఆగిపోతుంది.

కానీ సీసం పానీయంలోకి దిగుతుంది, పులుపైతే మరీను. నిమ్మరసం, వైన్ అందులో నిల్వ ఉంచొద్దు. పిల్లలకూ గర్భిణులకూ అసలే వద్దు. ముచ్చటపడి కొనేవాళ్లు సీసం లేని క్రిస్టల్ అడగండి. మంచినీళ్లకు మాత్రం నా ఓటు మామూలు గ్లాసుకే.