పేరు ఆంక్షల జాబితాకెక్కితే ఏ తలుపు తట్టాలి: కోర్టా, అంబుడ్స్‌పర్సనా?

నిరుడు యాసంగిలో మిర్యాలగూడలో అమ్మిన వడ్ల పైసలు ఖాతాలో పడ్డాయి గానీ చేతికి రాలేదు. ఏదో సైబర్ మోసం సొమ్ము చేతులు మారి నా ఖాతాను తాకిందట, హోల్డ్ పెట్టారు. ఎందుకని అడిగితే "పైనుంచి వచ్చింది" అన్నారు. పదకొండు రోజులు! కోత మిషన్ కిరాయి అప్పు తెచ్చి కట్టాను.

సౌదీ వ్యాపారి యాసిన్ కాదీకి ఆ గతి పదకొండేళ్లు పట్టింది. 2001 అక్టోబర్‌లో ఐక్యరాజ్యసమితి అల్‌ఖైదా జాబితాలో పేరెక్కింది, ఆస్తులు స్తంభించాయి. ఆధారం చూపలేదు, వాదన వినలేదు.

ఆయన కోర్టుకెక్కాడు. 2008 సెప్టెంబర్ 3న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తేల్చి చెప్పింది: మూలం భద్రతా మండలి తీర్మానమే అయినా, యూరప్‌లో దాన్ని అమలు చేసే చట్టం ప్రాథమిక హక్కులకు లోబడాల్సిందే. గెలిచాడు, కానీ ఐరాస జాబితాలో పేరు అట్లనే ఉంది. ఆ నవంబర్‌లోనే యూనియన్ పాలనా విభాగమైన యూరోపియన్ కమిషన్ తన జాబితాలోకి ఆయన పేరును మళ్లీ ఎక్కించింది.

రెండో తలుపు ఐరాస అంబుడ్స్‌పర్సన్, అది 2009 డిసెంబర్‌లో తెరుచుకుంది. అంబుడ్స్‌పర్సన్ అంటే విన్నపాలను విచారించే స్వతంత్ర అధికారి. 2011 నుంచి, పేరు తీసేయమని ఆ అధికారి సిఫారసు చేస్తే, జాబితాను చూసే భద్రతా మండలి కమిటీలోని దేశాలన్నీ ఒక్కమాటగా తీయొద్దంటే తప్ప, లేదా విషయం భద్రతా మండలికి వెళ్తే తప్ప, 60 రోజుల్లో పేరు పోతుంది. కాదీ పేరు 2012 అక్టోబర్‌లో పోయింది ఈ దారిలోనే. ఐరాస జాబితా వల్ల పడ్డ ఆంక్షలు అన్ని దేశాల్లోనూ పోవాల్సిందే! కోర్టు ఇవ్వలేనిది ఇదే. కానీ ఈ తలుపు ఐసిస్, అల్‌ఖైదా జాబితాకే. మిగతా జాబితాల వాళ్లకు అర్జీని ముందుకు పంపే ఫోకల్ పాయింటే గతి.

ఇక అదే జాబితాకెక్కిన యూసుఫ్ నాడా సంగతి. చుట్టూ స్విట్జర్లాండ్ ఉన్న ఇటలీ ముక్క కాంపియోనేలో ఉండేవాడు. 1.6 చదరపు కిలోమీటర్లు, మన లెక్కన 400 ఎకరాలకు కాస్త తక్కువ. స్విట్జర్లాండ్ అడుగు పెట్టనివ్వక ఏళ్ల తరబడి అందులోనే బందీ. వైద్యానికి వెళ్తానన్న విన్నపాలనూ తోసిపుచ్చారు. 2009లో పేరు తీసేశారు. ఆయన్ను అలా కదలనివ్వకపోవడం హక్కుల ఉల్లంఘనేనని స్ట్రాస్‌బర్గ్ మానవ హక్కుల కోర్టు 2012లో రాసింది.

త్వరగా బయటపడాలంటే అంబుడ్స్‌పర్సనే. అయినా నా ఓటు కోర్టుకే. 2008 తీర్పు వచ్చాకే ఆ రెండో తలుపు తెరుచుకుంది. పైగా తప్పు జరిగిందని అందరి ముందూ కాగితం మీద రాసిచ్చేది జడ్జి. మన దేశంలోనూ ఈ జాబితాలు ఉగ్రవాద నిరోధక చట్టమైన యూఏపీఏ 51ఏ సెక్షన్ కింద అమలవుతాయి కాబట్టి ఇది దూరపు ముచ్చట కాదు.

నా ఖాతా తెరుచుకున్నాక కూడా, హోల్డ్ ఎందుకు పెట్టారో నాకెవరూ రాసివ్వలేదు.