పతక పత్రమా, పైలట్ లాగ్‌బుక్కా?

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ వైమానిక దళం లుఫ్ట్‌వాఫేలో పోరాడిన ఒక ఫైటర్ పైలట్‌కు ఏ పతకం ఎప్పుడు దక్కిందో తేల్చడానికి పరిశోధకులు ముఖ్యంగా వెతికే ఆధారాలు రెండు: పతకంతో ఇచ్చిన ప్రదాన పత్రం, పైలట్ నింపుకున్న లాగ్‌బుక్, అంటే ఫ్లూగ్‌బూఖ్.

పత్రం మీద పేరు, హోదా, తేదీ, ముద్ర, అధికారి సంతకం ఉంటాయి కనుక చూడగానే నమ్మబుద్ధేస్తుంది. కానీ పాత సైనిక వస్తువుల మార్కెట్లో దానికి మంచి ధర పలుకుతుంది కాబట్టి నకిలీల బెడద కూడా దానికి ఉంది. లాగ్‌బుక్‌లో ప్రతి ప్రయాణానికీ బయలుదేరిన చోటు, సమయం, విమానం రకం వరుసగా నమోదై ఉంటాయి. అన్ని పేజీలనూ పొంతన చెడకుండా కల్పించడం ఒక్క కాగితాన్ని కల్పించినంత తేలిక కాదు.

ఫ్రంట్‌ఫ్లూగ్‌స్పాంగె అనే బ్యాడ్జిని సాధారణంగా 20 యుద్ధ విహారాలకు కాంస్యంలో, 60కి వెండిలో, 110కి బంగారు శ్రేణిలో ఇచ్చేవారు. వెండి బ్యాడ్జి పత్రం తేదీ నాటికి లాగ్‌బుక్‌లో 40 విహారాలే కనిపిస్తే, ముద్ర ఎంత స్పష్టంగా ఉన్నా అనుమానించాల్సిందే. అందుకే నా మొగ్గు లాగ్‌బుక్ వైపే.

అది దొరకనప్పుడు, సైనికుడి గుర్తింపు పుస్తకమైన జోల్డ్‌బూఖ్‌లోని పతకాల పేజీతో పత్రాన్ని సరిపోల్చవచ్చు. ఫ్రైబుర్గ్‌లోని సమాఖ్య సైనిక ఆర్కైవ్‌కూ రాయవచ్చు గానీ, లుఫ్ట్‌వాఫే దస్త్రాలు యుద్ధాంతంలో చాలావరకు నాశనమయ్యాయి.