పదేళ్ళ నాటి ఫైర్ ఎక్స్‌టింగ్విషర్: గేజ్ పచ్చలో ఉన్నా మార్చాల్సిందే

సమీక్ష దేని గురించంటే, ఐఎస్ఐ గుర్తున్న 2 కిలోల ఏబీసీ (కట్టె, గుడ్డ లాంటివి, నూనెలు, గ్యాసులు మూడింటి మంటలకూ పనికొచ్చే) పౌడర్ ఎక్స్‌టింగ్విషర్. నైట్రోజన్ నింపిన స్టోర్డ్ ప్రెషర్ రకం, అంటే పొడి, దాన్ని బయటికి తోసే గ్యాస్ ఒకే సిలిండర్లో ఒత్తిడితో ఉంటాయి. చెన్నై తిరువాన్మియూర్ ఫ్లాట్‌లో, వంటింటి గుమ్మం బయట గోడకు తగిలించి దాదాపు పదేళ్ళవుతోంది. సరుకు మంచిదే, ఒత్తిడి చూపే గేజ్ ముల్లు ఇప్పటికీ పచ్చలోనే ఉంది. అయినా మార్చేయమనే చెబుతాను.

ముల్లు పచ్చలో ఉందంటే లోపల సుమారు 15 బార్ల గ్యాస్ ఉందని మాత్రమే. పొడి సంగతి గేజ్‌కి తెలియదు. ఏబీసీ పొడిలో పనిచేసే సరుకు మోనో అమ్మోనియం ఫాస్ఫేట్. కదలకుండా ఏళ్ళ తరబడి నిలబెడితే అడుగున దట్టంగా దిగిపోతుంది. చెమ్మ తగిలిందా, గడ్డే. అప్పుడు పిన్ను లాగి నొక్కితే గ్యాస్ బుస్సున పోతుంది, పొడి లోపలే ఉండిపోతుంది. అందుకే నెలకోసారి సిలిండర్‌ని తలకిందులు చేసి, చెవి దగ్గర పెట్టుకుని వినండి. పొడి జారుతున్న చప్పుడు వినిపించాలి, ఆ కదలిక చేతికి తెలియాలి. రెండు మూడుసార్లు తిప్పినా కదలకపోతే ఇక దాన్ని నమ్మకండి.

కొక్కెం కాటాతో తూచడం కూడా మంచిదే. నిండుగా ఉన్నప్పుడు ఎంత బరువో లేబుల్ మీద రాసి ఉంటుంది. అయితే ఈ సైజులో నైట్రోజన్ కొన్ని పదుల గ్రాములే, అది కారిపోయినా కాటాలో తేలదు. కాటా పొడి లెక్క చెబుతుంది, గేజ్ గ్యాస్ లెక్క చెబుతుంది, రెండూ చూడాలి. కార్బన్ డయాక్సైడ్ రకానికి గేజే ఉండదు కాబట్టి దానికి కాటాయే దిక్కు. లోపలి గ్యాస్ పదో వంతు తగ్గితే రీఫిల్ చేయించాలి.

చెన్నైలో అసలు శత్రువు ఉప్పుగాలి. తుప్పు మొదలయ్యేది కంటికి కనిపించే చోట కాదు. అడుగు రింగు లోపల, వెల్డింగు అతుకు వెంట, గోడ బ్రాకెట్ ఒరుసుకునే చోట, వాల్వు మెడ చుట్టూ టార్చి వేసి చూడండి. పైపైన ఎర్రగా పట్టింది గుడ్డతో తుడిస్తే పోతుంది, దానికి భయం లేదు. రంగు పొక్కులా లేచి, గోరుతో గీకితే పెచ్చులూడి, కింద గుంట తగిలితే ఆ రోజే మార్చాలి. పైన రంగు వేయించి వాడటం ప్రమాదం, రేకు పలచబడిన చోటే ఒత్తిడికి చీలుతుంది. 2015లోనో, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులోనో వరద నీళ్ళలో మునిగిన సిలిండర్ ఇంకా ఇంట్లో ఉంటే గేజ్ ఏం చూపినా సరే, తీసేయండి.

గొట్టం వంచి చూస్తే పగుళ్ళు కనిపించినా, నాజిల్‌లో సాలీడు గూడు కట్టినా మామూలు మరమ్మతే. ఒక్కసారి, అర సెకను నొక్కినా కథ వేరు. వాల్వు సీటు మీద పొడి రేణువులు ఇరుక్కుని గ్యాస్ మెల్లగా కారిపోతుంది. మిగిలింది రేపటికి పనికొస్తుందని దాచకూడదు.

ఎక్స్‌టింగ్విషర్ల నిర్వహణకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 2190 ప్రకారం పౌడర్ రకం ఆయుష్షు 10 ఏళ్ళు, కార్బన్ డయాక్సైడ్ రకానికి 15. లెక్క మొదలయ్యేది సిలిండర్ మీద గుద్దిన తయారీ సంవత్సరం నుంచి. రీఫిల్ స్టిక్కర్ మీది తేదీ లెక్కలోకి రాదు. మధ్యలో రీఫిల్ చేయిస్తే 3 ఏళ్ళకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ఒత్తిడితో సిలిండర్ గట్టిదనం చూసే పరీక్ష) కూడా అడగండి. పొడి పారబోసి కొత్తది పోయడం, ఓ-రింగు (గ్యాస్ కారకుండా ఆపే రబ్బరు రింగు) మార్చడం మీ కళ్ళ ముందే జరగాలి, ఊరికే స్టిక్కర్ మార్చి ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. ఏబీసీ సిలిండర్‌లో సోడా బైకార్బొనేట్ ఉండే బీసీ (నూనెలు, గ్యాసుల మంటలకు మాత్రమే వాడే) పొడి కలవకూడదు. చెమ్మ తోడైతే రెండూ కలిసి గ్యాస్ పుట్టిస్తాయి, గడ్డకడతాయి. ఇక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, ఆ తేమలో సిలిండర్ తెరిపించకపోవడమే మేలు. ఫిబ్రవరి, మార్చి అనువైన నెలలు. ఏడేళ్ళు దాటిన 2 కిలోల సిలిండర్‌కి రీఫిల్, టెస్టు రెండూ చేయించడం కంటే కొత్తది కొనడమే నయమని నా అభిప్రాయం.

కొత్తది కూడా ఏబీసీయే తీసుకోండి, కానీ మూకుడులో కాగే నూనె అంటుకుంటే అది సరైన ఆయుధం కాదు. ఆ వేగానికి నూనె చిందుతుంది. స్టవ్ ఆపి మూత పెట్టడమో, ఫైర్ బ్లాంకెట్ కప్పడమో చేయాలి. నీళ్ళు పోయనే కూడదు.

పాతదాన్ని ఒత్తిడితో తుక్కు కొట్టుకి వేయకండి, కోసేవాడికి ప్రాణాపాయం. తుప్పు గుంటలు లేనిదైతే మేడ మీద గాలివాటు చూసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఇంట్లో వాళ్ళందరి చేతా పట్టించి ఖాళీ చేయించండి. అందరికీ సాధన అవుతుంది. ఎదురుగా మంట ఉందనుకుని, రెండు మీటర్ల దూరం నుంచి దాని మొదలుకి గురి. మొత్తం పది సెకన్లకు కాస్త అటూ ఇటూగా అయిపోతుంది. పడిన పొడిని వెంటనే పొడిగానే ఊడ్చేయండి, తడిస్తే ఇనుప రెయిలింగుని తినేస్తుంది. తుప్పు గుంటలున్నదాన్ని మాత్రం నొక్కవద్దు, కొత్తది అమ్మే దుకాణానికే అప్పగించండి.