పాత బొమ్మలు: 30 ఏళ్లకు పైగా వాడాక ఏవి నిలిచాయి, ఏవి పోయాయి

పాత బొమ్మల గురించి రాసేవాళ్లు ఎక్కువగా వాటిని తలుచుకుని మురిసిపోతారు. అందులో తప్పేం లేదు, నేనూ మురిసిపోతాను. కాకపోతే ఫోను కొన్న వారానికే సమీక్ష రాసేసే ఈ రోజుల్లో, 30 ఏళ్లకు పైగా ఇంట్లో వాడిన వస్తువుల మీద ఒక్క సమీక్షా కనిపించదేంటా అని ఎప్పట్నుంచో అనిపిస్తోంది. నావీ అక్కవీ చిన్నప్పటి బొమ్మలు చాలావరకు అమ్మ పారేయకుండా దాచింది. ఇల్లు మారినప్పుడల్లా అవీ మాతోపాటే మారాయి, తర్వాత అక్క పిల్లలు ఆడారు, ఇప్పుడు మా అమ్మాయి ఆడుతోంది. అద్దాల బీరువాలో కూర్చోబెట్టిన బొమ్మలు కావివి. కింద పడినవి, తడిసినవి, పిల్లల పళ్లకి చిక్కినవి. కాబట్టి జ్ఞాపకాల సంగతి కాసేపు పక్కనపెట్టి, వస్తువులుగా ఏది ఎలా నిలబడిందో చెప్తాను.

మొత్తం మీద నాకు తేలింది ఏంటంటే, తనంతట తాను ఎక్కువ పనులు చేసే బొమ్మే ముందు పోయింది. మాట్లాడేవి, నడిచేవి, లైట్లు వెలిగేవి ఒక్కొక్కటిగా మూలపడ్డాయి. ఏమీ చేయకుండా కూర్చుని పనంతా పిల్లల చేతే చేయించుకునే బొమ్మలు ఇంకా ఆటలోనే ఉన్నాయి. దీనికి ఒకట్రెండు మినహాయింపులున్నాయి, వాటి దగ్గరికి వస్తాను.

అందరికీ తెలిసినదాన్ని ముందు చెప్పేస్తా, లెగో. పైన బుడిపెలు, లోపల గొట్టాలు ఉన్న ఇప్పటి లెగో ముక్కకి డెన్మార్క్‌లో 1958 జనవరి 28న పేటెంటుకు దరఖాస్తు పెట్టారు, అప్పటి ముక్క ఇవాళ కొన్న ముక్కకీ బిగుస్తుంది. మా అమ్మాయి నా పాత ముక్కల్నీ తన కొత్త ముక్కల్నీ ఒకే బకెట్లో కలిపేశాక వాటిని విడదీయడం నా వల్ల కాలేదు. చేత్తో పట్టుకుంటే తేడా తెలియదు. 1963 నుంచి వీటిని ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌తో చేస్తున్నారు, అంతకుముందు వాడిన సెల్యులోజ్ ఎసిటేట్ కాలం గడిచేకొద్దీ వంకర తిరిగేది. ఎనిమిది బుడిపెలున్న ఒకే రంగు ముక్కలు ఆరింటిని 91,51,03,765 రకాలుగా పేర్చొచ్చని గణిత లెక్క, మా అమ్మాయి వాటిలో ఎప్పుడూ ఇల్లే కడుతుంది అనుకోండి, అది వేరే విషయం. ఈ ప్లాస్టిక్ ఎంత మొండిదంటే, సముద్రంలో పడిన లెగో ముక్క 100 నుంచి 1,300 ఏళ్ల దాకా ఉండొచ్చని ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయం వాళ్లు 2020లో అంచనా వేశారు. బొమ్మగా అది మెచ్చుకోలే, చెత్తగా చూస్తే భయమే.

ఏబీఎస్‌తో చేసిన తెల్ల బొమ్మలు ఏ కంపెనీవైనా ఎండ తగిలితే పసుపెక్కుతాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ పట్టించి ఎండలో పెడితే తెల్లబడతాయని చదివి, ఒక చిన్న బొమ్మ ఫ్రిజ్జు మీద ప్రయత్నించా. నిజంగానే తెల్లబడింది, కానీ కొన్నాళ్లకి పసుపు మళ్లీ మొదలైంది. అంత శ్రమ అక్కర్లేదని నా అభిప్రాయం. చేస్తానంటారా, చేతికి గ్లోవ్స్ లేకుండా మాత్రం చేయకండి.

ఇక అసలు బొమ్మలు, అంటే చేతులూ కాళ్లూ జుట్టూ ఉన్నవి. చెప్పాల్సింది ఎక్కువ ఉన్నది ఇక్కడే. బార్బీని 1959 మార్చి 9న న్యూయార్క్‌లోని బొమ్మల ప్రదర్శనలో మొదటిసారి చూపించారు. అప్పటికి అంగళ్లలో ఎక్కువగా ఉన్నవి పసిపాప బొమ్మలే, ఆడపిల్లంటే అమ్మ ఆటే ఆడాలన్న లెక్క. బార్బీని చేసిన మాటెల్ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన రూత్ హ్యాండ్లర్ తన కూతురు కాగితం బొమ్మలతో పెద్దవాళ్ల ఆటలు ఆడటం గమనించి, ఎదిగిన అమ్మాయి రూపంలో బొమ్మ ఉండాలనుకుంది. యూరప్ వెళ్లినప్పుడు కంటపడిన లిల్లీ అనే జర్మన్ బొమ్మ దానికి నమూనా అయింది. మా ఇంట్లో ఏదో పేరులేని కంపెనీ చేసిన రెండు రకాలూ ఉండేవి, ఎదిగిన అమ్మాయి బొమ్మ అక్కది, పసిపాప నాది. ఇన్నేళ్ల తర్వాత చూస్తే ఆటకి పసిపాపే ఎక్కువ పనికొచ్చింది, ఎందుకంటే దాన్ని ఎత్తుకోవచ్చు, పడుకోబెట్టొచ్చు, సూది వేయొచ్చు, తిట్టొచ్చు కూడా. ఎదిగిన అమ్మాయికి బట్టలు కావాలి, చెప్పులు కావాలి, ఆ చెప్పులేమో వేలిగోరంత ఉండి కొన్నాళ్లైనా నిలవలేదు.

వస్తువుగా చూస్తే రెండూ ఒకే జబ్బుతో బాధపడ్డాయి, జిగురు. పాత మెత్తటి ప్లాస్టిక్ బొమ్మని ఎప్పుడైనా చాలాకాలం తర్వాత బయటికి తీస్తే చేతికి అంటుకున్నట్టు ఉంటుంది చూడండి, అది మురికి కాదు. ఈ బొమ్మల్ని చేసే పీవీసీ స్వతహాగా గట్టి ప్లాస్టిక్, దాన్ని చర్మంలా మెత్తగా చేయడానికి థాలేట్ల లాంటి నూనె పదార్థాలు కలుపుతారు, ఏళ్లు గడిచేకొద్దీ ఆ నూనె మెల్లగా పైకి ఊరుతుంది. దాని మీద దుమ్ము పట్టి నల్లబడుతుంది. గోరువెచ్చటి నీళ్లు, కాస్త సబ్బు, మెత్తటి గుడ్డతో తుడిస్తే కొన్ని నెలలు బాగుంటుంది, మళ్లీ ఊరుతుంది. పూర్తిగా పోగొట్టే మందు నాకైతే దొరకలేదు. స్పిరిట్‌తో రుద్దితే జిగురుతోపాటు పెదవుల రంగూ లేచిపోయింది.

దాచే పద్ధతి కూడా ముఖ్యం. భద్రంగా ఉంటుందని పాలిథీన్ కవర్లో చుట్టి పెడతాం, కానీ ఆ కవరే నూనెని పీల్చుకుంటుంది, బొమ్మ ఇంకా తొందరగా గట్టిపడి పగులుతుంది. ఇంకో వింత చూశాను. పసిపాప బొమ్మ కాలు ఒక గట్టి ప్లాస్టిక్ కారు మీద ఆనుకుని ఏళ్ల తరబడి ఉండిపోయింది, తీసి చూస్తే కారు పైకప్పు కరిగి అందులో పాదం ముద్ర లోతుగా దిగింది. ఆ నూనె పాలీస్టైరీన్‌ లాంటి గట్టి ప్లాస్టిక్‌ని, రంగుల్ని కూడా కరిగిస్తుంది. అందుకని మెత్తటి బొమ్మని వేరే ప్లాస్టిక్‌కి తగలకుండా, ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, చల్లటి చీకటి చోట పెట్టండి. రాగి కలిసిన చెవిపోగులున్న బొమ్మలకి అవి తీసేయండి, లేకపోతే చెవుల చుట్టూ ఆకుపచ్చ మరక దిగుతుంది, అది లోపలికి పాకే మరక, తుడిస్తే పోయేది కాదు.

జుట్టు సంగతి ఒక్క ముక్కలో చెప్తా. దువ్వెనతో చిక్కు తీయబోతే ఊడుతుంది, తడిపి, కండిషనర్ రాసి, కొసల నుంచి మొదలుపెట్టి వేళ్లతో విడదీయాలి.

పసిపాప బొమ్మలో నాకు ఇప్పటికీ ముచ్చటగా అనిపించేది దాని కళ్లు. పడుకోబెడితే మూసుకుంటాయి, లేపితే తెరుచుకుంటాయి, లోపల చిన్న బరువు తప్ప ఏమీ లేదు. ఒక కన్ను ఈమధ్య సగమే తెరుచుకుంటోంది. ఇంకో బొమ్మ బోర్లిస్తే ఏడుస్తుంది. దాని కడుపులో చిన్న తిత్తి ఉంటుంది, దానికో బరువు, గాలి వెళ్లే దారిలో ఒక పీక. వంచినప్పుడు బరువు జారి తిత్తిని నొక్కుతుంది, పీక మోగుతుంది. ఇందాక మినహాయింపులన్నానే, ఇది ఒకటి, శబ్దం చేసే బొమ్మల్లో మా ఇంట్లో బతికి ఉన్నది ఇదొక్కటే. ఇలాంటి బొమ్మల్ని నీళ్లలో ముంచకండి, తిత్తి తడిస్తే గొంతు పోతుంది.

గుడ్డ బొమ్మలకి నా దగ్గర ఫిర్యాదే లేదు. చిరిగితే అమ్మ కుట్టింది, మాసిపోతే ఉతికింది. ఒక ఎలుగుబంటి మాత్రం లోపల స్పాంజి నింపి చేసింది, ఆ స్పాంజి గాలికీ తేమకీ చివికి పసుపు పొడిగా మారి కుట్లలోంచి రాలడం మొదలైంది. విప్పి, పొడి మొత్తం దులిపేసి దూది నింపాం, ఇప్పుడు కాస్త లావైంది గానీ ఆరోగ్యంగా ఉంది. విప్పేటప్పుడు మాస్కు కట్టుకోండి.

రెండో మినహాయింపు కీ ఇచ్చే రేకు బొమ్మ. కీ తిప్పితే లోపలి స్ప్రింగు చుట్టుకుంటుంది, అది విప్పుకుంటూ పళ్ల చక్రాల్ని తిప్పుతుంది, అంతే యంత్రాంగం. మా దగ్గర ఉన్న కోడి ఇంకా టకటకా గింజలు ఏరుతుంది. కీ ఎప్పుడో పోయింది, ఇరుకు మూతి పటకారుతో తిప్పుతున్నాం. దాచేటప్పుడు స్ప్రింగు పూర్తిగా వదులు చేసి పెట్టాలి, మిషన్ నూనె ఒక్క చుక్క చాలు, ఎక్కువ పోస్తే దుమ్ము పట్టి బిగుసుకుపోతుంది. అయినా దీన్ని చిన్నపిల్లల చేతికి ఇవ్వను, నా ముందు కూర్చుని ఆడాల్సిందే. రేకు అంచులు చురుక్కుమంటాయి, పైగా పాత పెయింట్లలో సీసం ఉండేది. అమెరికాలో సీసపు పెయింటున్న బొమ్మల్ని నిషేధించింది 1978లో, అంటే అంతకుముందు చేసిన బొమ్మ ఏదైనా అనుమానించాల్సిందే, తర్వాత చేసినవన్నీ మంచివని కూడా కాదు. 2018లో ప్లిమత్ విశ్వవిద్యాలయంలోనే 200 పాత ప్లాస్టిక్ బొమ్మల్ని పరీక్షిస్తే సీసం, కాడ్మియం, బ్రోమిన్ లాంటివి చాలా బొమ్మల్లో కనిపించాయి, ఎరుపు, పసుపు, నలుపు రంగు ముక్కల్లో మరీ ఎక్కువ. ఇది చదివాకే నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి పాత ప్లాస్టిక్ ఇవ్వడం మానేశాం. మేం అవే కొరికి పెరిగాం కదా ఏమైంది అని అక్క అంటుంది. ఆ వాదన నాకు నచ్చదు.

కళ్లకి ఆనించుకుని ఫిల్ము బొమ్మలు చూసే వ్యూ మాస్టర్ గురించి రాయకపోతే ఊరుకోరు. 1939లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన నాటి వస్తువు, ఒక్కో రీలుకి 14 చిన్న ఫిల్ము ముక్కలు, అంటే ఏడు జతలు, రెండు కళ్లకీ కొంచెం తేడాతో రెండు బొమ్మలు చూపిస్తుంది కాబట్టి లోతు కనిపిస్తుంది. మీట నొక్కి వదలగానే వచ్చే ఆ చప్పుడు, దాని కోసమైనా తీసి పెట్టుకోవచ్చు. కోడాక్రోమ్ ఫిల్ము మీద వచ్చిన పాత రీళ్లు చీకట్లో దాచితే రంగు అలాగే ఉంటాయి, తర్వాతి కాలంలో వేరే ఫిల్ము వాడిన రీళ్లు ఎర్రబారిపోతాయి. పాత రీళ్లు వెతికి కొనేవాళ్లు ముందు వెలుతురుకి ఎత్తిపట్టి చూడండి. మా అమ్మాయికి ఇది పెద్దగా ఎక్కలేదు, ఏడు బొమ్మలయ్యాక మళ్లీ మొదటిదే వస్తుందేంటి అంది. నిజమే మరి.

రూబిక్స్ క్యూబ్ లాంటిది కూడా ఉంది, అసలుది కాదు, నకలు. స్టిక్కర్లు ఊడితే మళ్లీ అంటించాం, అంటించింది సరైన చోటో కాదో తెలియక అది ఇక ఎప్పటికీ కలవని క్యూబ్ అయిపోయింది. ఎంత కలిపేసిన క్యూబ్‌నైనా 20 కదలికల్లోపు సరిచేయొచ్చని 2010లో రుజువైంది, మాదానికి అది వర్తించదు. క్యూబ్ కావాలంటే కొత్తది కొనుక్కోండి, ఇప్పటివి రంగు ప్లాస్టిక్‌తోనే వస్తున్నాయి, తేలిగ్గా తిరుగుతాయి. ఈ ఒక్క విషయంలో పాతదే మేలన్న మాట నేను ఒప్పుకోను.

పోత లోహపు చిన్న కార్లు గీతలు పడినా తిరుగుతున్నాయి. 1953లో మొదలైన మ్యాచ్‌బాక్స్ కార్ల వెనక కథ బాగుంటుంది. అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలే తెచ్చుకోవచ్చని బడిలో రూలు ఉండటంతో, ఆ కార్లు చేసిన కంపెనీలో భాగస్వామి జాక్ ఓడెల్ తన కూతురి కోసం అంత చిన్న బొమ్మ చేసిచ్చాడు. ఇంకా పాత లోహపు బొమ్మలు కొనేవాళ్లు మాత్రం నెర్రెలు చూసుకోవాలి, జింకులో సీసం కలిస్తే లోహం లోపల్నుంచి ఉబ్బి పొడైపోతుంది, దానికి మరమ్మతు లేదు.

చివరగా బ్యాటరీ బొమ్మలు. మా రోబో నడిచేది, ఛాతీలో లైటు వెలిగేది, ఏదో మాట్లాడేది కూడా, అప్పట్లో ఇంట్లో దానికున్న గౌరవం నాకు లేదు. ఎవరో సెల్లులు తీయకుండా డబ్బాలో పెట్టేశారు. ఆల్కలైన్ సెల్లు కారితే పొటాషియం హైడ్రాక్సైడ్ బయటికొచ్చి తెల్లగా పెచ్చు కడుతుంది, లోపలి రేకుల్ని తినేస్తుంది. వెనిగర్‌లో ముంచిన దూదితో మెల్లగా తుడిచి, ఆరబెట్టి, రేకుల్ని గరుకు కాగితంతో రుద్ది కొత్త సెల్లులు వేస్తే లైటు వెలిగింది. నడక రాలేదు, మాట అసలే లేదు. లోపల ఏది పోయిందో విప్పి చూసినా అర్థం కాని బొమ్మ ఇదొక్కటే, కోడిని విప్పితే ఏది దేన్ని తిప్పుతుందో కంటికే కనిపిస్తుంది. మీ ఇంట్లో ఇలాంటిది ఎక్కడైనా మూలన పడి ఉంటే, ఇవాళే వెతికి సెల్లులు తీసేయండి.