మిడతల పుస్తకంతో మొదలుపెట్టి ఇరవై రెండేళ్లు: ఓరైలీ పుస్తకాలు వాడినవాడి మాట

నా టేబుల్ మీద ఎప్పుడూ ఉండే పుస్తకం అట్ట మీద మిడతల బొమ్మ ఉంటుంది. పేరు ‘డీఎన్‌ఎస్ అండ్ బైండ్’, నాలుగో ఎడిషన్. కంప్యూటర్ పుస్తకాలు వేసే అమెరికా సంస్థ ఓరైలీది. ఇంటర్నెట్‌లో పేర్లను నంబర్లుగా మార్చి చెప్పే ఏర్పాటు డీఎన్‌ఎస్, ఆ పని చేసే సాఫ్ట్‌వేర్ బైండ్. 2003లో విశాఖపట్నం ద్వారకానగర్‌లో కొన్నాను. అప్పట్లో ఆశీల్‌మెట్టలో ఒక చిన్న ఆఫీసులో సిస్టమ్స్ చూసుకునేవాణ్ణి. జీతం నాలుగున్నర వేలు, పుస్తకం నాలుగు వందల పైచిలుకు. ముంబైకి చెందిన ష్రాఫ్ పబ్లిషర్స్ ఇక్కడే ముద్రించి తక్కువ ధరకు ఇచ్చేవాళ్లు కాబట్టి ఆ మాత్రం అందుబాటులో ఉంది. అమెరికా ధరయితే నేను ఆ పుస్తకం ముట్టుకునేవాణ్ణి కూడా కాదు.

కొనడానికి కారణం ఒక్క చుక్క. ఆఫీసుకు బయటి నుంచి మెయిల్స్ రావడం ఆగిపోయింది. ముందు రోజు జోన్ ఫైల్‌లో, అంటే మా డొమైన్ పేర్లన్నీ రాసి ఉండే ఫైల్‌లో, మెయిల్ సర్వర్ పేరు మార్చింది నేనే. ఎన్నిసార్లు చూసినా పేరు సరిగ్గానే కనబడుతోంది. షాపులో నిలబడే పుస్తకం తిరగేస్తుంటే, కొత్తవాళ్లు చేసే తప్పుల దగ్గర నాది దొరికింది. పూర్తి పేరు రాసి చివర చుక్క పెట్టకపోతే, అది సగం పేరే అనుకుని బైండ్ దాని వెనకాల డొమైన్ పేరు ఇంకోసారి తగిలిస్తుంది. అలా లోకంలో లేని ఒక రెట్టింపు పేరుకు మా మెయిల్ వెళ్లమని నేనే చెప్పి కూర్చున్నాను. అక్కడే ఇంకో మాట కూడా ఉంది: మార్పు చేశాక ఫైల్‌లో ఉండే సీరియల్ నంబరు పెంచకపోతే, దాని కాపీ పెట్టుకునే రెండో సర్వర్ కొత్త ఫైల్ తీసుకోదు. నేను అదీ పెంచలేదు.

“బాబూ, తీసుకుంటున్నారా?” అని షాపాయన అడిగేసరికి అరగంట దాటిపోయింది. తీసుకున్నాను. ఆ రాత్రి పదిన్నరకు మొదటి మెయిల్ వచ్చింది.

ఆ తర్వాత చాలా పుస్తకాలు కొన్నాను. లెక్క ముప్పై దాటింది. వాటిలో పంతొమ్మిది ఓరైలీవే. ఇన్నేళ్ల వాడకం మీద చెప్పేదేమిటంటే, ఈ సంస్థ పుస్తకాల్లో బలం అంతా అది కంప్యూటర్ పరిశ్రమ లోపల కూర్చుని రాయడంలో ఉంది. కొనేవాళ్లు జాగ్రత్తగా చూసుకోవాల్సింది కూడా అక్కడే ఉంది.

ముందు బలం సంగతి. మిడతల పుస్తకం రాసిన ఇద్దరిలో ఒకరు క్రికెట్ లియు. ఆయన హ్యూలెట్ ప్యాకర్డ్‌లో పనిచేస్తూ ఆ కంపెనీ డొమైన్‌ను స్వయంగా నడిపిన మనిషి. అందుకే అందులో ‘ఇలా చేయండి’ అనే దానికన్నా ‘ఇలా చేస్తే ఇది చెడుతుంది, చెడినప్పుడు ఇలా కనబడుతుంది’ అనేది ఎక్కువ. కాలేజీలో మేం చదివిన నెట్‌వర్క్స్ పుస్తకంలో డీఎన్‌ఎస్ ఒక చెట్టు బొమ్మ, రెండు పేరాలు. పరీక్షకు అది చాలు. రాత్రి పది గంటలకు సర్వర్ ముందు కూర్చుంటే చాలదు.

సంస్థ పుట్టుకే అలాంటిది. టిమ్ ఓరైలీ హార్వర్డ్‌లో గ్రీకు, లాటిన్ సాహిత్యం చదువుకున్న మనిషి. 1978లో కంప్యూటర్ కంపెనీలకు మాన్యువళ్లు రాసిపెట్టే పనిగా దీన్ని మొదలుపెట్టారు. అంటే మొదట్లో వీళ్లు ప్రచురణకర్తలు కాదు, కూలికి రాసేవాళ్లు. 1980ల మధ్యకు వచ్చేసరికి, తాము రాసినవాటి హక్కులు తమ దగ్గరే ఉంచుకుని, యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద చిన్న చిన్న పుస్తకాలు వేయడం ప్రారంభించారు. కంపెనీలు ఇచ్చే మాన్యువల్‌లో లేనిది, వాడేవాడికి అవసరమైనది రాయడమే ఆ పుస్తకాల పని. ఆ గుణం ఇప్పటికీ మంచి ఓరైలీ పుస్తకాల్లో కనబడుతుంది.

అట్టల మీద జంతువుల సంగతి చెప్పకుండా ఉండలేను. ఈడీ ఫ్రీడ్‌మన్ అనే డిజైనర్‌కు ఆ యునిక్స్ పేర్లన్నీ వింత జంతువుల పేర్లలా వినిపించాయట. 19వ శతాబ్దపు చెక్కుడు బొమ్మలు తెచ్చి అట్టల మీద పెట్టారు. ‘సెడ్ అండ్ ఆక్’ అని, రెండు యునిక్స్ టూల్స్ గురించిన పుస్తకం మీద పెద్ద పెద్ద గుండ్రటి కళ్లతో, సన్నని చేతులతో కొమ్మ పట్టుకున్న జంతువు ఉంటుంది. నేను చాలాకాలం అదేదో ఆఫ్రికా కోతి అనుకున్నాను. మా ఆఫీసులో చిత్తూరు జిల్లా కుర్రాడొకడు కొత్తగా చేరినప్పుడు ఆ పుస్తకం చేతికిస్తే, లోపల తెరవకుండా అట్టే చూస్తూ ఉండిపోయాడు. “అన్నా, ఇది దేవాంగపిల్లి కదా! మా తాత చెప్పేవాడు, కొండలో రాత్రిపూట కనిపిస్తుందని” అన్నాడు. వెనక పేజీలో చూస్తే నిజమే, దక్షిణ భారతంలో, శ్రీలంకలో ఉండే స్లెండర్ లోరిస్. ప్రతి పుస్తకం చివర అట్ట మీది జంతువు గురించి ఒక చిన్న పేరా వేస్తారు. ఆ రోజు దాకా నేను ఆ పేజీ చదివి ఎరగను. ఇప్పుడు ఏ పుస్తకం కొన్నా ముందు చదివేది అదే.

ఆ బొమ్మలు పరిశ్రమలోకే నడిచిపోయాయి. పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషకు ఒంటె గుర్తు అయిందంటే 1991లో వచ్చిన ఈ సంస్థ పుస్తకం వల్లే. మొజిల్లా వాళ్ల జావాస్క్రిప్ట్ ఇంజిన్‌కు, అంటే ఆ భాషలో రాసిన కోడ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌కు, ‘రైనో’ అని పేరు పెట్టింది కూడా జావాస్క్రిప్ట్ పుస్తకం అట్ట మీది ఖడ్గమృగాన్ని చూసే. పెర్ల్ సృష్టికర్త లారీ వాల్‌ను కొన్నేళ్లు జీతమిచ్చి పోషించింది కూడా ఈ సంస్థే.

కాగితం పుస్తకం విలువ నాకు బాగా తెలిసొచ్చింది హుద్‌హుద్ తుఫాను అప్పుడు. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ రోజు గురించి విశాఖవాళ్లకు కొత్తగా చెప్పేదేముంది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, చెట్టన్నది నిలబడి లేదు. నాలుగో రోజున నేను పనిచేసే ఆఫీసులో జనరేటర్ మీద సర్వర్లు లేపాం. సరుకు రవాణా లెక్కలు అందులో ఉన్నాయి, బిల్లులు ఆగిపోయాయి. సర్వర్లు లేచాయి గానీ ఎవరు లాగిన్ అయినా నిమిషం దాకా కదలదు. డిస్క్ పోయిందనుకున్నాం, కేబుల్స్ మార్చాం. ఇంటర్నెట్ లేదు కాబట్టి వెతకడానికి దిక్కు లేదు. ఇంటికెళ్లి పుస్తకం తెచ్చాను. అప్పటికే కిటికీ అద్దం పగిలి వాన కొట్టడంతో అడుగున నూరు పేజీలు తడిసి ఉబ్బిపోయి ఉన్నాయి. మా అమ్మ వాటి మధ్య న్యూస్‌పేపర్ ముక్కలు పెట్టి ఆరబెట్టింది. ఆ ముక్కలు తీసుకుంటూ చదివాను.

కారణం రివర్స్ లుకప్, అంటే నంబరు ఇచ్చి పేరు అడగడం. ఎవరైనా లాగిన్ అవుతుంటే వాళ్ల మెషీన్ నంబరు (ఐపీ అడ్రస్) ఏ పేరుదని సర్వర్ డీఎన్‌ఎస్‌ను అడుగుతుంది. మా లోపలి 192.168 నంబర్లకు మేం ఎప్పుడూ రివర్స్ జోన్, అంటే ఏ నంబరు ఏ పేరుదో చెప్పే ఫైల్, పెట్టలేదు. మామూలు రోజుల్లో ఆ ప్రశ్న బయటికెళ్లి ‘లేదు’ అనే జవాబు క్షణంలో తెచ్చేది, మాకు తెలిసేది కాదు. ఇంటర్నెట్ పోయాక జవాబిచ్చేవాడు లేక అది ఎదురుచూస్తూ ఉండిపోతోంది. పుస్తకం ఎదురుగా పెట్టుకుని ఒక రివర్స్ జోన్ రాశాను. ఇరవై లైన్లు కూడా లేవు. లాగిన్ తక్షణం అయింది. ఆ పేజీలు ఇప్పటికీ అలలు అలలుగానే ఉన్నాయి, మూస్తే పుస్తకం ఒక పక్కకు ఎత్తుగా ఉంటుంది. కొత్త ఎడిషన్ ఉన్నా దీన్ని ఇవ్వబుద్ధి కాలేదు.

ఇప్పుడు జాగ్రత్త సంగతి. ఈ సంస్థ పుస్తకాలు వేసి ఊరుకోలేదు. 1993లోనే గ్లోబల్ నెట్‌వర్క్ నావిగేటర్ అని ప్రకటనలతో నడిచే తొలి వెబ్‌సైట్లలో ఒకటి నడిపి, 1995లో ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీకి అమ్మింది. 1997లో పెర్ల్ సదస్సు పెట్టింది. 1998 ఏప్రిల్‌లో టిమ్ ఓరైలీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ (ఎవరైనా కోడ్ చూసి మార్చుకోగలిగేది) పెద్దలు కొందరిని ఒకచోట కూర్చోబెట్టారు. అప్పటికి కొత్తగా పుట్టిన ‘ఓపెన్ సోర్స్’ అనే మాటకు ఆ సమావేశంలోనే బలం వచ్చింది. 1999లో పుట్టిన కొలాబ్‌నెట్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ స్థాపకుల్లో ఆయనా ఒకరు. తర్వాత ఓరైలీ ఆల్ఫాటెక్ వెంచర్స్ పేరుతో స్టార్టప్‌లలో పెట్టుబడులు పెట్టారు, ఫోర్‌స్క్వేర్ అనే లొకేషన్ యాప్ కంపెనీ వాటిలో ఉంది. డేటా మీద నడిపిన స్ట్రాటా సదస్సును, హడూప్ (భారీ డేటాను చాలా మెషీన్ల మీద పంచి నడిపే సాఫ్ట్‌వేర్) అమ్మే క్లౌడెరా కంపెనీతో కలిసి కొన్నేళ్లు జరిపారు. అంటే ఏ సాంకేతికత గురించి పుస్తకం వేస్తారో, దాని సదస్సు వాళ్లదే, మాట వ్యాప్తి చేసేదీ వాళ్లే, కొన్నిసార్లు డబ్బు పెట్టేదీ వాళ్లే.

ఇందులో రహస్యం ఏమీ లేదు, అన్నీ బాహాటంగా చేసినవే. పైగా మొహమాటం లేకుండా ఎదురు నిలిచిన సందర్భాలూ ఉన్నాయి. 2000లో అమెజాన్ వన్‌-క్లిక్ పేటెంట్ (ఒక్క నొక్కుతో కొనే పద్ధతి మీద తీసుకున్న హక్కు) మీద ఆ కంపెనీ అధిపతి జెఫ్ బెజోస్‌కు టిమ్ ఓరైలీ బహిరంగ లేఖ రాశారు. అమెజాన్ ఆయన పుస్తకాలు అమ్మే దుకాణం అన్న సంగతి గుర్తుంచుకోవాలి. అది నాకు గౌరవం కలిగించిన పని. అయినా చదివేవాడి వైపు నుంచి చూస్తే, ఒక టెక్నాలజీ మీద పుస్తకాలు కుప్పలుగా వచ్చాయంటే అది నిలబడుతుందని అర్థం కాదు. దాని చుట్టూ డబ్బు తిరుగుతోందని అర్థం. హడూప్ మీద నేను కొన్న మూడు పుస్తకాలూ అటక మీద ఉన్నాయి.

పరిశ్రమలో ఉచిత చిన్న పుస్తకాలని ఒక రకం ఉంది. అట్ట మీద ప్రచురణ సంస్థ పేరుతో పాటు ఏదో కంపెనీ గుర్తు, ‘మీకు ఫలానా వారి కానుక’ అనే మాట ఉంటాయి. ఓరైలీ కూడా ఇలాంటివి వేస్తుంది. గుర్తు దాచరు, ఎదురుగానే ఉంటుంది. నాకు దెబ్బ తగిలింది వేరే చోట, పేరు అనవసరం. ఒక సర్వర్ల పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ మీద అలాంటి పుస్తకం చదివి ఆఫీసులో అదే పెట్టించాను. ఏడాది తిరక్కుండా లైసెన్స్ ధర అంచనాకు రెండింతలైంది. పుస్తకంలో అబద్ధం ఒక్కటీ లేదు. ఖర్చు ఎలా పెరుగుతుందన్న అధ్యాయం మాత్రం లేదు. మేనేజర్ ముందు నిలబడి లెక్కలు చెబుతుంటే పడ్డ టెన్షన్ నాకింకా గుర్తే. అప్పటినుంచి ఏ పుస్తకమైనా విషయసూచికలో ‘ఇది ఎప్పుడు వాడకూడదు’ అనే భాగం ఉందా అని ముందు చూస్తాను. మిడతల పుస్తకంలో తప్పుల మీద ఒక అధ్యాయమే ఉంది.

ఇక సొంతం, చందా తేడా. ఒకప్పుడు వీళ్ల ఈబుక్స్ తాళం లేకుండా ఇచ్చేవాళ్లు. కొన్న పీడీఎఫ్ ఏ మెషీన్‌లోనైనా తెరుచుకునేది. అవి నా డిస్క్‌లో ఈరోజుకీ ఉన్నాయి. 2017 జూన్‌లో తమ సైట్‌లో విడి ఈబుక్స్ అమ్మడం ఆపేశారు. పియర్సన్ అనే ప్రచురణ సంస్థతో కలిసి 2001లో మొదలుపెట్టిన సఫారీ, చందా కట్టి ఆన్‌లైన్‌లో చదువుకునే లైబ్రరీ, 2014లో పూర్తిగా వాళ్లదైంది, ఇప్పుడు ఆ చందాయే ప్రధానం. వ్యక్తిగతంగా ఏడాదికి 499 డాలర్లు. మన డబ్బులో నలభై వేలు దాటుతుంది. విశాఖ ఐటీ కంపెనీలుండే మధురవాడలో పదిహేను వేల జీతంతో చేరే పిల్లాడికి అది దాదాపు మూడు నెలల జీతం. ఆఫీసు కొనిస్తే బంగారం లాంటిదే. ఇతర ప్రచురణకర్తల పుస్తకాలు, వీడియోలు, కోడ్ రాసి చూసుకునే ల్యాబులు అన్నీ ఒకేచోట ఉంటాయి. నేను నాలుగేళ్లు ఆఫీసు ఖాతాతో వాడాను, బాగా వాడాను. ఉద్యోగం మారిన రోజున గీతలు గీసుకున్నవన్నీ అక్కడే ఉండిపోయాయి. ఆఫీసు ఖాతా ఆఫీసుదే, ఆ తప్పు ఎవరిదీ కాదు. కానీ ఆ రోజు ఇంటికొచ్చి ఉప్పుగాలికి అంచులు పసుపెక్కిన నా పుస్తకాలు చూసుకుంటే, నావి అనిపించినవి అవే.

కొత్తగా చేరేవాళ్లు అడిగితే నేను చెప్పేది ఇది. ఏదో ఒక టూల్ ఫలానా వెర్షన్ మీద వచ్చిన లావు పుస్తకం కాగితంలో కొనకండి, రెండేళ్లలో పాతబడిపోతుంది. మూలాలు చెప్పేవి కొనండి. 2017లో వచ్చిన మార్టిన్ క్లెప్‌మన్ పుస్తకం, డేటా వ్యవస్థల గురించినది, అట్ట మీద మన అడవిపంది ఉంటుంది. దాన్ని నేను రెండుసార్లు పూర్తిగా చదివాను. డేటాబేస్ కాపీలు ఒకదానికొకటి ఎందుకు వెనకబడతాయో అంత ఓపికగా చెప్పిన పుస్తకం నాకు దొరకలేదు. ఏ పుస్తకమైనా మొదలుపెట్టే ముందు సంస్థ సైట్‌లో దాని తప్పుల జాబితా తెరిచి, పెన్సిల్‌తో పేజీల్లో దిద్దుకోండి. పాఠకులు పంపినవి, రచయిత ఒప్పుకున్నవి అక్కడ విడివిడిగా ఉంటాయి. పదిహేను నిమిషాల పని, తర్వాత గంటలు మిగులుతాయి.

సొంత డబ్బుతో చందా ఈ ఏడాది ఒక్కసారి కట్టాను. డిసెంబరులో అయిపోతుంది, మళ్లీ కట్టను. ఆ డబ్బుతో కాగితం పుస్తకాలు పదో పన్నెండో వస్తాయి. అడవిపంది పుస్తకం మా చిత్తూరు తమ్ముడు పట్టుకెళ్లి ఎనిమిది నెలలైంది, ముందు అది ఇంకొకటి కొనాలి.