మల్లేశ్వరంలో పాత బూట్లకు కొత్త సోలు, నంది కొండ మెట్ల మీద దానికి పరీక్ష

కొండలెక్కే బూట్లకు సోలు ఊడిందని కొత్త జత వెతుక్కుంటున్న బెంగళూరు వాళ్లు ఆ కొనుగోలు కాస్త వాయిదా వేసి, ముందు మల్లేశ్వరం వెళ్లి రావాలని నా మనవి. సంపిగె రోడ్డులోంచి చీలిన ఒక క్రాసులో, టైలరు కొట్టు పక్కన నీలం రేకు తలుపున్న చిన్న గది ఉంది. బోర్డు లేదు. గుమ్మానికి వేలాడే బూట్ల జతలే గుర్తు. హిందూపురం వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దాయన అక్కడ చెప్పులు, బూట్లు, బడి సంచులు కుడతారు. తెలుగు, కన్నడ ఒకే ధాటిగా మాట్లాడతారు. ఆయన చేతిపని ఎలా ఉందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఈ ఏడాది నేను ఒక సేవా కార్యక్రమం కోసం కొండలు నడుస్తున్నాను. ఎవరికి వీలైన కొండ వాళ్లు ఎక్కుతూ, ఎక్కిన ఎత్తులన్నీ కలిపి ఎవరెస్టు ఎత్తు, అంటే 8,848 మీటర్లు, పూర్తి చేయాలి. మా నెల్లూరు స్నేహితులు, పిన్ని పిల్లలు, మా అపార్ట్‌మెంట్‌లో కొందరు వంద మీటర్లకు ఇంత అని ఇస్తామన్నారు. ఆ డబ్బు టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లల ఇన్సులిన్‌కు, సూదులకు, రక్తంలో చక్కెర చూసుకునే పట్టీలకు వెళుతుంది. ఆ పిల్లల శరీరంలో ఇన్సులిన్ దాదాపుగా తయారు కాదు. ఇంజెక్షన్ ఆగితే రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. నాకు సెలవు దొరికేది వారం మధ్యలో కనుక ఒంటరిగానే నడుస్తాను. కాలు జారితే చెయ్యి అందించే మనిషి పక్కన ఉండదు కాబట్టి నాకు బూటు మీద నమ్మకం ముఖ్యం.

ఆ నమ్మకం శివగంగ కొండ దిగుతున్నప్పుడు పోయింది. అక్కడ పై భాగంలో బండలోనే తొలిచిన మెట్లు జనం పాదాలకు అరిగి అరిగి నున్నబడ్డాయి. ఇనుప కమ్మీ పట్టుకుని దిగుతుంటే కుడి బూటు సోలు మడమ దగ్గర నోరు తెరిచింది. చున్నీతో కట్టుకుని కిందికి చేరాను. పైన తోలు చెక్కుచెదరలేదు, కుట్లు గట్టిగా ఉన్నాయి. కొన్నచోటికి తీసుకెళితే ఇలాంటివి బాగు చేయరని, కొత్తవి చూడమని చెప్పి పంపేశారు.

పెద్దాయన మాత్రం బూటును అటూ ఇటూ తిప్పి, మడమ దగ్గర బొటనవేలితో నొక్కారు. తోలుకూ కింది రబ్బరుకూ మధ్య ఉండే మెత్తటి పొర తడిసిన బిస్కెట్టులా పొడిపొడిగా రాలింది. "అమ్మా, రబ్బరు బాగానే ఉంది, తోలు బాగానే ఉంది. మధ్యలోదే చచ్చిపోయింది" అన్నారు. అది పాలీయురేథేన్ నురగ. గాలిలోని తేమతోనే ఏళ్ల మీద విరిగిపోతుంది. వాడకుండా అట్టపెట్టెలో దాచినా ఆగదు. పండగ చీరలా దాచుకున్న బూట్లు మొదటి కొండకే ఊడిపోవడానికి కారణం ఇదే. ఊడిన సోలును గమ్ముతో మళ్లీ అంటించి పంపే వాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. చచ్చిన పొర మీద గమ్ము నిలవదు. ఈయన అలా అంటించనన్నారు, నాకు నచ్చింది అక్కడే.

కూర్చోమని స్టూలు వేసి, ఎడమ బూటు పని నా ముందే మొదలుపెట్టారు. పాత పొర తోలు కనిపించేదాకా కత్తితో గీకేశారు. గరుకు కాగితంతో తోలునూ కొత్త రబ్బరునూ రుద్దారు. సొల్యూషన్ రెండు వైపులా పలచగా పూసి, పక్కన పెట్టి, ఇంకో చెప్పు అందుకున్నారు. వేలితో తాకితే అంటుకోనంతగా ఆరిన తర్వాతే రెండో పూత వేశారు. అది కూడా ఆరాక కాస్త వేడి చూపించి, రెంటినీ కలిపి, ఇనుప దిమ్మ మీద బోర్లించి, మధ్య నుంచి అంచులకు సుత్తితో కొడుతూ వెళ్లారు. తడి మీద అంటిస్తే లోపల గాలి నిలిచిపోతుందట. చివర ఆరెతో అంచు చుట్టూ బెజ్జాలు పొడిచి, మైనం పట్టించిన దారంతో కుట్టారు. ఒక్కో కుట్టుకు దారం బిగించేటప్పుడు ఆయన చిటికెన వేలు మీద దారం కోసుకున్న పాత గీత తెల్లగా కనిపించింది.

రబ్బరు ఎంపికకు ఆయన తీసుకున్న శ్రద్ధ గురించి కూడా చెప్పాలి. మూడు రకాలు ముందు పెట్టి, గోటితో నొక్కి చూడమన్నారు. గట్టిది ఎక్కువ కాలం వస్తుంది కానీ బండ మీద జారుతుంది. మెత్తది పట్టు ఇస్తుంది కానీ తొందరగా అరుగుతుంది. "ఎక్కడ నడుస్తావమ్మా, బురదలోనా, బండ మీదా?" అని అడిగి, బండ అంటే లోతు పళ్లు తక్కువగా, నేలకు ఎక్కువ ఆనేది తీశారు. పెద్ద దుకాణాల్లో నన్ను ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు.

నంది కొండకు వేసుకెళ్లాను. చిక్కబళ్లాపురంలో బస్సు దిగి, ఆటోలో సుల్తాన్‌పేటకు వెళితే కొండ మొదట్లో వెయ్యికి పైగా రాతి మెట్లు ఉన్నాయి. శిఖరం 1,478 మీటర్లు. కార్లన్నీ తారు రోడ్డున పోతాయి కాబట్టి వారం మధ్యలో మెట్ల దారిలో కోతులు తప్ప పెద్దగా తోడు ఉండదు. ఎవరికైనా చెప్పి, తెల్లవారాక బయలుదేరడం మంచిది. ఎక్కేటప్పుడు బూటు గొప్ప తెలియదు. దిగేటప్పుడు తెలుస్తుంది, ఒంటి బరువంతా ముందు వేళ్ల మీద పడుతుంది కనుక. పొడి రాయి మీద కొత్త సోలు ఒక్కసారి కూడా జారలేదు. మెట్టు అంచున సగం పాదమే ఆనినచోట కూడా రబ్బరు పట్టింది. కుట్టు చుట్టూ ఎక్కడా విచ్చలేదు.

పెన్న పుట్టింది ఈ కొండల్లోనే. 597 కిలోమీటర్లు ప్రవహించి మా నెల్లూరు దాటి సముద్రంలో కలుస్తుంది. ఆ నీళ్లు తాగి పెరిగినదాన్ని. యోగనందీశ్వరుడి గుడి దగ్గర కూర్చుని అమ్మకు ఫోను చేసి ఎక్కడున్నానో చెబితే, ఆవిడ తన వాటాగా ఇంకో వెయ్యి మీటర్లకు డబ్బు రాసుకోమంది.

లోపాలూ ఉన్నాయి. బూటు బరువు పెరిగింది, మధ్యాహ్నానికి పిక్కల్లో తెలుస్తుంది. కుట్టు బెజ్జాల గుండా నీరు దిగుతుంది కాబట్టి వాగు దాటే నడకలకు పనికిరాదు. పాచి పట్టిన తడి బండ మీద పట్టు అంతంత మాత్రమే. సోలు నలుపు, తోలు గోధుమ రంగు కావడంతో చూపుకు అతుకు తెలిసిపోతుంది. మూడు రోజులన్నది వారం పట్టింది. చీలమండ దగ్గర మెత్తలు చిరిగితే ఆయన ముట్టుకోరు, ఆ సంగతి మొహం మీదే చెబుతారు.

రెండు బూట్లకూ కలిపి 850 రూపాయలు తీసుకున్నారు. ఇదే రకం కొత్త జత ఆరు వేల పైమాట. మిగిలిన డబ్బు ఇన్సులిన్ నిధికి పంపాను, పెద్దాయనకు ఆ మాట చెబితే యాభై తగ్గించబోయారు. నేను ఒప్పుకోలేదు. ఆ పనికి 850 తక్కువే.

వెళ్లేవాళ్లు బూట్లు కడిగి, పూర్తిగా ఆరబెట్టి, లేసులూ లోపలి అట్టలూ తీసేసి ఇవ్వండి. ఊడిన సోలు ముక్కలు పారేయకుండా వెంట తీసుకెళ్లండి, కొత్త రబ్బరు కొలతకు ఆయనకు అవే ఆధారం. ఫోన్‌పే ఉంది. మంగళవారం సెలవు. మిగతా రోజుల్లో పొద్దున పదకొండు లోపు వెళితే ఆయన తీరిగ్గా మాట్లాడతారు, సాయంత్రం బడి సంచుల వాళ్లు వరస కడతారు.